ల్యాప్‌టాప్ ఏ నెట్‌వర్క్‌లో ఉందో సాకెట్ ప్రోగ్రామ్‌తో కనిపెట్టడం: సగం యంత్రాలకి ఒకే ఐపీ వస్తోంది

మూడోఅంతస్తు
మూడు భవనాలు, 140 ల్యాప్‌టాప్‌లు. ఏది ఏ భవనంలో, ఏ అంతస్తులో ఉందో ఒక పేజీలో కనబడాలి, అంతే. జీపీఎస్ అక్కర్లేదు. పైథాన్‌లో సాకెట్‌తో (ప్రోగ్రామ్ నెట్‌వర్క్‌తో మాట్లాడే ద్వారం) చిన్న క్లయింట్ రాశాను, ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. సర్వర్‌కి టీసీపీ కనెక్షన్ (రెండు యంత్రాల మధ్య తెరిచి ఉండే దారి) తెరిచి, తెరిచే ఉంచి, యంత్రం పేరు, ఐపీ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) నిమిషానికోసారి పంపుతుంది. సర్వర్ ఫైల్లో రాసుకుంటుంది. తలనొప్పులు ఇవీ:

లినక్స్ ల్యాప్‌టాప్‌లన్నీ 127.0.1.1 అని పంపుతున్నాయి. గెట్‌హోస్ట్‌నేమ్ (యంత్రం పేరు చెప్పే పిలుపు) ఇచ్చిన పేరునే గెట్‌హోస్ట్‌బైనేమ్‌కి (పేరుకి ఐపీ చెప్పే పిలుపు) ఇస్తున్నాను.

సర్వర్ వైపు యాక్సెప్ట్ (వచ్చిన కనెక్షన్ తీసుకునే పిలుపు) ఇచ్చే చిరునామా నమ్ముదామంటే, రెండో భవనంలోవన్నీ ఒకే ఐపీ.

మూత మూసేసి పట్టుకెళ్లిపోయిన ల్యాప్‌టాప్ గంటల తరబడి "ఉంది" అనే చూపిస్తోంది.

అప్పుడప్పుడు రెండు సందేశాలు అతుక్కుని ఒకటే లైనుగా కూడా వస్తున్నాయి. ఎక్కడ తప్పుతున్నాను?

లూప్‌బ్యాక్127
మొదటిది నా ఇంటిపేరు లాంటిది కాబట్టి నేనే చెప్తా. 127 తో మొదలయ్యేవి యంత్రం తనతో తానే మాట్లాడుకునే లూప్‌బ్యాక్ చిరునామాలు. డెబియన్, ఉబుంటు ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు హోస్ట్స్ ఫైల్లో యంత్రం పేరుని 127.0.1.1 కి కట్టేస్తాయి. మీరు పేరు అడిగారు, ఫైల్లో ఉన్నది అది చెప్పింది.

అసలు "నా ఐపీ ఏది" అన్న ప్రశ్నకి ఒక్క జవాబు ఉండదు. "ఫలానా సర్వర్ దగ్గరికి పోవాలంటే ఏ ఐపీతో బయల్దేరతాను" అని అడగాలి. యూడీపీ (కనెక్షన్ లేకుండా విడి ప్యాకెట్లు పంపే పద్ధతి) సాకెట్ ఒకటి తెరవండి, సర్వర్ ఐపీకి కనెక్ట్ పిలవండి, వెంటనే గెట్‌సాక్‌నేమ్ (సాకెట్‌కి మన వైపు చిరునామా చెప్పే పిలుపు) పిలవండి, మూసేయండి. యూడీపీలో కనెక్ట్ పిలిస్తే ఒక్క ప్యాకెట్ కూడా బయటికి పోదు. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) రూటింగ్ టేబుల్ (ఎటు పోవడానికి ఏ దారో రాసిన పట్టిక) చూసి బయల్దేరే చిరునామా ఎంచి పెడుతుంది, అంతే. మీకు ఎలాగూ టీసీపీ కనెక్షన్ తెరిచే ఉంది కాబట్టి దాని మీదే గెట్‌సాక్‌నేమ్ పిలిచినా చాలు.

కొత్తకోడర్
ఇంత తిరుగుడెందుకు? ఇంటర్‌ఫేస్‌ల (నెట్‌వర్క్ కార్డుల) జాబితా తీసి 127 కానిది మొదట ఏది దొరికితే అది పంపితే పోదా?

లూప్‌బ్యాక్127
పోదు. డాకర్, వర్చువల్‌బాక్స్ లాంటివి యంత్రంలో ఉత్తుత్తి నెట్‌వర్క్‌లు పెడతాయి. డాకర్ ఉన్న యంత్రం 172.17.0.1 ఇవ్వొచ్చు. వర్చువల్‌బాక్స్ ఉన్న విండోస్ 192.168.56.1 ఇవ్వొచ్చు. నలభై మంది ఒకే కుర్చీలో కూర్చున్నట్టు కనిపిస్తుంది మీ పేజీ. జాబితాలో 169.254 తో మొదలయ్యేది దొరికితే డీహెచ్‌సీపీ (చిరునామాలు పంచే ఏర్పాటు) నుంచి చిరునామా రాలేదని అర్థం, దాన్ని ఎక్కడా లెక్కలోకి తీసుకోకండి.

తీగలమేస్త్రి
రెండోది నాట్. రెండో భవనం రౌటర్ లోపలి చిరునామాలన్నిటినీ తన ఒక్క చిరునామా కింద దాచి పంపుతోంది. సర్వర్‌కి కనబడేది ఆ రౌటరే.

మీ చేతిలో ఉన్న భవనం కాబట్టి అక్కడ నాట్ తీసేసి మామూలు రూటింగ్ పెట్టించడం మంచి పని. అది కుదరకపోతే రెండు చిరునామాలూ దాచుకోండి: సర్వర్‌కి కనబడ్డది ఒకటి, ల్యాప్‌టాప్ తనకి తాను చెప్పుకున్నది ఒకటి. ఏదో ఒకటి చాలనుకోవద్దు. 192.168.1.0/24 అనే సబ్‌నెట్ (ఒక గుంపు చిరునామాలు; గీత పక్కన అంకె పెద్దదైతే గుంపు చిన్నది) మొదటి భవనంలోనూ ఉండొచ్చు, మూడో భవనంలోనూ ఉండొచ్చు. జత చూస్తేనే తేడా తెలుస్తుంది. బయటిది భవనం చెప్తుంది, లోపలిది అంతస్తు చెప్తుంది.

తర్వాత ఒక పట్టిక: సబ్‌నెట్ ఒక గడిలో, చోటు పక్క గడిలో. పైథాన్‌లో ఐపీఅడ్రస్ మాడ్యూల్ ఉంది, ఫలానా చిరునామా ఫలానా సబ్‌నెట్‌లో పడుతుందా అని అదే చూస్తుంది. ఒకదాంట్లో ఒకటి ఇమిడే సబ్‌నెట్లుంటే చిన్నదాన్ని ముందు చూడండి, లేకపోతే /16 ముందు తగిలి /24 దాకా పోదు. చోటు పేర్లు మాత్రం కోడ్‌లో రాసేయకండి, వీల్యాన్‌లు (ఒకే తీగల మీద విడగొట్టిన నెట్‌వర్క్‌లు) మారుతూనే ఉంటాయి.

సాకెట్‌సుబ్బు
మూడోది: మూత మూస్తే ఫిన్ (కనెక్షన్ ముగిసిందని చెప్పే) ప్యాకెట్ రాదు. యంత్రం మధ్యలో మాయమైంది, సర్వర్ వైపు కనెక్షన్ తెరిచే ఉంది. కీప్‌అలైవ్ (అవతలివాడు ఉన్నాడా అని ప్రోబ్ పంపి చూసే ఏర్పాటు) మీరు ఆన్ చేసి ఉండరు. చేసినా లినక్స్‌లో మామూలు విలువలు చూడండి: 7200 సెకన్లు ఏ కదలికా లేకపోతే మొదటి ప్రోబ్, ఆ తర్వాత 75 సెకన్లకొకటి, మొత్తం 9. అంటే 7875 సెకన్లు, 2 గంటల 11 నిమిషాలు. ఆన్ చేయకపోతే ఆ మాత్రం కూడా తెలీదు, మీ "గంటల తరబడి" అదే.

సర్వర్‌లో యాక్సెప్ట్ అయిన ప్రతి సాకెట్‌కీ కీప్‌ఐడిల్ 60, కీప్‌ఇంటర్వల్ 10, కీప్‌కౌంట్ 3 పెట్టండి. 90 సెకన్లలో తెలిసిపోతుంది. క్లయింట్ ఎలాగూ నిమిషానికోసారి మాట్లాడుతోంది కాబట్టి రిసీవ్‌కి 200 సెకన్ల టైమౌట్ పెట్టినా పని జరుగుతుంది.

అతుక్కోవడం టీసీపీ స్వభావం. అది బైట్ల ధార, సందేశాల సంచి కాదు. ఒక సెండ్‌కి ఒక రిసీవ్ అన్న లెక్క దానికి లేదు. రెండు సెండ్‌లు ఒకే రిసీవ్‌లో రావొచ్చు, ఒక సెండ్ రెండు ముక్కలుగానూ రావొచ్చు. ప్రతి సందేశం చివర కొత్త లైను గుర్తు పెట్టండి, సర్వర్‌లో కనెక్షన్‌కొక బఫర్ (వచ్చిన బైట్లు నిలవ ఉంచే చోటు) ఉంచి, గుర్తు దొరికిన దాకా కత్తిరించి వాడుకోండి, మిగిలింది బఫర్లోనే ఉండాలి.

నిద్రపోనిసర్వర్
సుబ్బు గారు చెప్పింది సరే, కానీ ఈ పనికి టీసీపీ ఎందుకు? తిరిగే ల్యాప్‌టాప్‌కి కనెక్షన్ అనేదే పడదు. ఒక భవనం నుంచి ఇంకో భవనానికి పోగానే ఐపీ మారుతుంది, పాత కనెక్షన్ పాత ఐపీకి కట్టి ఉంటుంది. క్లయింట్ సెండ్ పిలిస్తే తప్పేమీ రాదు, కెర్నల్ బఫర్లో పడి ఊరుకుంటుంది. లినక్స్‌లో టీసీపీ రీట్రైస్2 (ఎన్నిసార్లు మళ్లీ పంపాలో చెప్పే సెట్టింగ్) మామూలు విలువ 15, అంటే 924 సెకన్లకి పైగా మళ్లీ మళ్లీ పంపి చూసి అప్పుడు చేతులెత్తేస్తుంది. పావుగంట పాటు మీ ల్యాప్‌టాప్ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. ఎక్కడుందో తెలుసుకోడానికే కదా ఇదంతా!

యూడీపీ: నిమిషానికొక ప్యాకెట్, కనెక్షన్ లేదు, పాత ఐపీ బెంగ లేదు. ఒకటి పోతే ఇంకో నిమిషానికి ఇంకోటి వస్తుంది. సర్వర్ ఒక్క సాకెట్, ఒక్క రిసీవ్‌ఫ్రమ్ లూప్, థ్రెడ్‌లు అక్కర్లేదు. 140 యంత్రాలు నిమిషానికొకటి అంటే సెకనుకి రెండున్నర ప్యాకెట్లు కూడా కావు.

సాకెట్‌సుబ్బు
ఆ పావుగంటకి మందుంది. టీసీపీ యూజర్ టైమౌట్ 30000 మిల్లీసెకన్లు పెడితే అర నిమిషంలో తప్పు తిరిగొస్తుంది, క్లయింట్ మళ్లీ కనెక్ట్ అవుతుంది. అసలు ప్రతిసారీ తెరిచి, పంపి, మూసేస్తే ఆ గొడవే లేదు. యూడీపీ బయటికి పోనివ్వని నెట్‌వర్క్‌లు చాలా ఉన్నాయి, ల్యాప్‌టాప్ భవనం దాటాక మీ ప్యాకెట్ గాల్లో కలిసిపోతుంది. 443 (వెబ్ పేజీల) పోర్ట్ మీద టీసీపీ దాదాపు ఎక్కడి నుంచైనా వస్తుంది.

నిద్రపోనిసర్వర్
ఆయన అడిగింది భవనాల్లోపల సంగతి.

మూడోఅంతస్తు
లోపలే. బయటికి పోతే "బయట" అని వస్తే చాలు. యూడీపీ వైపే మొగ్గుతున్నాను. ప్యాకెట్‌లో ఏమేం ఉండాలి?

నిద్రపోనిసర్వర్
ఫార్మాట్ వెర్షన్ అంకె, యంత్రం గుర్తింపు, వరస సంఖ్య, గెట్‌సాక్‌నేమ్ ఇచ్చిన ఐపీ, వైఫైనా తీగనా, వైఫై అయితే యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే పెట్టె) గుర్తు. జేసన్‌లో (మామూలు అక్షరాల్లో రాసే డేటా ఫార్మాట్) రాసినా 300 బైట్లు దాటదు. 1500 ఎంటీయూలో (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు, బైట్లలో) ఐపీ, యూడీపీ హెడర్లు 28 పోతే 1472 మిగులుతుంది, వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రహస్య దారి) సొరంగంలో ఇంకా తగ్గుతుంది. 1200 లోపు ఉంటే ముక్కలయ్యే భయం దాదాపు లేనట్టే.

60 సెకన్లు అని గట్టిగా పెట్టకండి, 50 నుంచి 70 మధ్య ఏదో ఒక యాదృచ్ఛిక సంఖ్య తీసుకోండి. కరెంటు పోయి వచ్చాక అన్నీ ఒకే సెకనులో మోగకుండా ఉంటాయి. మూడు ప్యాకెట్లు వరసగా రాకపోతే, అంటే 210 సెకన్లు దాటితే, "కనబడట్లేదు" అని చూపించండి. టైము ఎప్పుడూ సర్వర్ గడియారందే రాయండి, ల్యాప్‌టాప్ గడియారాన్ని నమ్మితే నిన్నటి ప్యాకెట్ రేపు వస్తుంది.

కొత్తకోడర్
గుర్తింపుకి మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు సొంత చిరునామా) ఉంది కదా? సర్వర్‌లో ఏఆర్‌పీ టేబుల్ (ఏ ఐపీ ఏ మ్యాక్‌దో రాసుకునే పట్టిక) చూస్తే దొరుకుతుంది, క్లయింట్ పంపక్కర్లేదు కూడా.

తీగలమేస్త్రి
రౌటర్ దాటాక మ్యాక్ మారిపోతుంది. వేరే సబ్‌నెట్ నుంచి వచ్చినవన్నిటికీ ఏఆర్‌పీలో కనబడేది మీ గేట్‌వే (మీ వైపు రౌటర్) మ్యాకే. ఒకే సబ్‌నెట్‌లో ఉంటేనే ఆ టేబుల్ పనికొస్తుంది, అందరూ ఒకే సబ్‌నెట్‌లో ఉంటే ఎక్కడున్నారని వెతకడం ఎందుకు.

లూప్‌బ్యాక్127
పైగా ఒక ల్యాప్‌టాప్‌కి వైఫైదొకటి, తీగదొకటి, డాక్‌దొకటి, మూడు మ్యాక్‌లు. వైఫైది విండోస్‌లోనూ మ్యాక్‌ఓఎస్‌లోనూ నెట్‌వర్క్‌కొకటి చొప్పున మార్చుకునే ఏర్పాటు ఉంది. మ్యాక్ చెప్పే పైథాన్ గెట్‌నోడ్ అయితే మ్యాక్ దొరకనప్పుడు తోచిన సంఖ్య ఒకటి తయారుచేసి ఇచ్చేస్తుంది, మరుసటి సారి ఇంకో సంఖ్య.

మొదటిసారి నడిచినప్పుడు యూయూఐడీ (ఇంకెక్కడా రాని యాదృచ్ఛిక గుర్తింపు సంఖ్య) ఒకటి పుట్టించి ఫైల్లో రాయండి. యంత్రం పేరుని మనుషులు చదువుకోడానికి పంపండి.

కిటికీలపక్షం
దానికో చిక్కు. ఒక యంత్రం సిద్ధం చేసి ఇమేజ్ (మొత్తం డిస్క్ నకలు) తీసి మిగతా వాటిలో దించే చోట, ఆ యూయూఐడీ ఫైల్ కూడా ఇమేజ్‌లో కూర్చుంటుంది. అప్పుడు యాభై ల్యాప్‌టాప్‌లకి ఒకే గుర్తింపు. పేజీలో ఒకే ల్యాప్‌టాప్ నిమిషానికోసారి మొదటి భవనం నుంచి మూడో భవనానికి దూకుతున్నట్టు కనిపిస్తే కారణం ఇదే. ఇమేజ్ తీసే ముందు ఆ ఫైల్ తీసేయాలి. లినక్స్‌లో మెషిన్ ఐడీ వాడినా ఇదే కథ.

విండోస్ మీద సర్వర్ నడిపేవాళ్లకి ఇంకోటి: యూడీపీ సర్వర్ ఉన్నట్టుండి 10054 ఎర్రర్‌తో చచ్చిపోతుంది. కనెక్షనే లేని యూడీపీలో "కనెక్షన్ రీసెట్" ఏంటని జుట్టు పీక్కుంటారు. సర్వర్ జవాబు పంపేలోపు క్లయింట్ సాకెట్ మూసేసుకుంటే, అటునుంచి "ఆ పోర్ట్‌లో ఎవరూ లేరు" అనే ఐసీఎంపీ (నెట్‌వర్క్ తప్పులు తెలిపే) సందేశం వస్తుంది. విండోస్ దాన్ని మీ తర్వాతి రిసీవ్‌ఫ్రమ్ మీద ఎర్రర్‌గా పడేస్తుంది. ఆ ఒక్క ఎర్రర్‌ని పట్టుకుని లూప్ కొనసాగించండి.

మూడోఅంతస్తు
సర్వర్ లినక్సే, బతికిపోయాను. యాక్సెస్ పాయింట్ గుర్తు సంగతి చెప్పండి. మొదటి భవనంలో నాలుగు అంతస్తులకీ వైఫై ఒకే సబ్‌నెట్, ఐపీతో అంతస్తు తేలడం లేదు.

తీగలమేస్త్రి
తేలదు. ఒకే పేరున్న వైఫైలో ఒక యాక్సెస్ పాయింట్ నుంచి ఇంకోదానికి మారినా ఐపీ మారకూడదు, రోమింగ్ అంటేనే అది. అక్కడ బీఎస్‌ఎస్‌ఐడీ కావాలి, అంటే ల్యాప్‌టాప్ అంటుకుని ఉన్న రేడియో చిరునామా. లినక్స్‌లో ఐడబ్ల్యూ కమాండ్‌కి లింక్ అడిగితే ఇస్తుంది. విండోస్‌లో నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో ఇంటర్‌ఫేసెస్.

పట్టిక రాసేటప్పుడు ఒక పెట్టెకి ఒక చిరునామా అనుకోకండి. 2.4 గిగాహెర్ట్‌జ్‌కి ఒకటి, 5కి ఒకటి, మళ్లీ ప్రతి వైఫై పేరుకీ ఒకటి. చాలా తయారీల్లో ఇవి చివరి అంకెలోనే తేడాగా ఉంటాయి, ఆ చివరి అంకె వదిలేసి పోల్చుకుంటే ఒక పెట్టెకి ఒక వరస సరిపోవచ్చు. కానీ మీ పెట్టెల్లో నిజంగా అలాగే ఉందో లేదో కంట్రోలర్ (యాక్సెస్ పాయింట్లన్నిటినీ నడిపే యంత్రం) పేజీలో చూసుకున్నాకే చేయండి.

కిటికీలపక్షం
విండోస్ 11లో 24హెచ్2 నుంచి ఆ కమాండ్‌కి లొకేషన్ అనుమతి ఉండాలి, లేకపోతే బీఎస్‌ఎస్‌ఐడీ ఇవ్వదు. మ్యాక్‌ఓఎస్‌లోనూ అనుమతి లేకపోతే ఖాళీ వస్తుంది. అది లోపం కాదు, బీఎస్‌ఎస్‌ఐడీ తెలిస్తే మనిషి ఎక్కడున్నాడో తెలిసినట్టే కదా. క్లయింట్ ఖాళీ వస్తే కూలిపోకుండా ఖాళీగానే పంపాలి.

నెట్‌ష్ జవాబులో మాటలు విండోస్ భాషని బట్టి మారతాయి. ఇంగ్లిష్ విండోస్‌లో రాసిన పార్సింగ్ వేరే భాష విండోస్‌లో పనిచేయదు. ఇంకా, ఆ కమాండ్‌ని మామూలుగా పిలిస్తే నిమిషానికోసారి నల్ల పెట్టె తెర మీద మెరిసి మాయమవుతుంది. సబ్‌ప్రాసెస్‌కి క్రియేట్ నో విండో జెండా ఇవ్వండి, లేకపోతే వైరస్ అనుకుని మీకే ఫోన్ చేస్తారు.

బైట్లబేరగాడు
చివరిదాకా చదివాను, ఒక్కటి అడుగుతా. 140 యంత్రాల్లో క్లయింట్ పెట్టి, అనుమతులు ఇప్పించి ఇదంతా ఎందుకు? వైఫై కంట్రోలర్‌కి ఎవరు ఏ యాక్సెస్ పాయింట్ మీద ఉన్నారో ముందే తెలుసు. తీగ మీదున్నవాళ్లకి స్విచ్ (తీగలు కలిసే పెట్టె) లోని మ్యాక్ టేబుల్ పోర్ట్ నంబరుతో సహా చెప్తుంది. డీహెచ్‌సీపీ లాగ్ ఉంది, రేడియస్ (నెట్‌వర్క్‌లోకి లాగిన్‌లు చూసే సర్వర్) అకౌంటింగ్ ఉంది. ఉన్నవాటిని ఒక చోట చేర్చి చదువుకుంటే క్లయింట్ అక్కర్లేదు.

తీగలమేస్త్రి
నెట్‌వర్క్ మొత్తం మీ చేతిలో ఉంటే బేరగాడు గారి మాటే సరైంది. కానీ మళ్లీ ఆ మ్యాక్‌ల దగ్గరే ఆగుతారు. మారే మ్యాక్‌ని ఏ ల్యాప్‌టాప్‌కి కట్టాలి? రేడియస్‌లో యంత్రం సర్టిఫికెట్‌తో లాగిన్ అయ్యే ఏర్పాటుంటే పేరు దొరుకుతుంది. లేకపోతే క్లయింటే దిక్కు.

మూడోఅంతస్తు
కంట్రోలర్ వేరేవాళ్ల చేతిలో ఉంది, చూడనివ్వరు. క్లయింటే దిక్కు.

తాళంచెవి
ఇప్పటిదాకా ఎవరూ ఎత్తని మాట: ఈ యూడీపీ ప్యాకెట్‌ని ఎవరైనా తయారుచేసి పంపొచ్చు. ఇంకొకరి యూయూఐడీ వేసి "నేను మూడో అంతస్తులో ఉన్నా" అంటే సర్వర్ నమ్మేస్తుంది. ప్రతి ల్యాప్‌టాప్‌కీ వేర్వేరు 32 బైట్ల రహస్యం ఇవ్వండి, సందేశం చివర హెచ్‌మ్యాక్ ఎస్‌హెచ్‌ఏ256 ముద్ర (ఆ రహస్యం తెలిసినవాడే లెక్కగట్టగల సంఖ్య) పెట్టండి. అందరికీ ఒకే రహస్యం ఇస్తే ఒక్క ల్యాప్‌టాప్ పోగానే అందరిదీ పోయినట్టే. సర్వర్‌లో ముద్ర పోల్చేటప్పుడు రెండు సమానం గుర్తులు కాకుండా కంపేర్ డైజెస్ట్ వాడండి.

పాత ప్యాకెట్‌ని పట్టుకుని మళ్లీ పంపే వాడికోసం వరస సంఖ్య: కిందటిదాని కంటే పెద్దదైతేనే తీసుకోవాలి. దానికి గడియారం వాడొద్దు. బ్యాటరీ పూర్తిగా అయిపోయి గడియారం వెనక్కి పోతే ఆ ల్యాప్‌టాప్ ప్యాకెట్లన్నీ తిరస్కారమే. ఫైల్లో ఒక అంకె పెట్టి క్లయింట్ మొదలైన ప్రతిసారీ 1 పెంచండి, దాని పక్కన 0 నుంచి లెక్క. రెండూ కలిపి పోల్చండి.

హెచ్‌మ్యాక్ దాచదు, ముద్ర మాత్రమే. దారిలో ఎవరూ చదవకూడదంటే సుబ్బు గారి దారిలో పోయి టీసీపీ మీద టీఎల్‌ఎస్ వేయాలి. ఇంకా, ఈ క్లయింట్ ఏం పంపుతుందో ల్యాప్‌టాప్ వాడేవాళ్లకి చెప్పి పెట్టండి. పాత రికార్డులు ఎన్నాళ్లు ఉంచాలో కూడా ముందే అనుకోండి.

కొత్తకోడర్
దొంగ ఎత్తుకెళ్తే దీంతో పట్టుకోవచ్చా?

తాళంచెవి
డిస్క్ తుడిచేస్తే మీ క్లయింట్ కూడా పోతుంది. తుడవకుండా ఎక్కడో నెట్‌కి తగిలించినా సర్వర్‌కి కనబడేది వాడి ఇంటర్నెట్ సంస్థ ఐపీ, దాన్నుంచి మహా అయితే ఊరు తెలుస్తుంది, అదీ తప్పు కావొచ్చు. 100.64.0.0/10 (ఇంటర్నెట్ సంస్థలు తమ నాట్ వెనక వాడే గుంపు) లోపలి చిరునామా క్లయింట్ చెప్తే, దాని వెనక వందల ఇళ్లు ఒకే బయటి ఐపీ పంచుకుంటూ ఉండొచ్చు. దొంగతనానికి డిస్క్ ఎన్‌క్రిప్షన్ చేసి ఉంచండి.

మూడోఅంతస్తు
యూడీపీకి మార్చి 20 యంత్రాల్లో పెట్టాను. హెచ్‌మ్యాక్ కూడా ఉంది. అతుకులు పోయాయి, 127.0.1.1 పోయింది, మూత మూస్తే మూడున్నర నిమిషాల్లో "కనబడట్లేదు" అవుతోంది. మిగిలినవి:

మూత తెరిచాక కొన్నిట్లో క్లయింట్ చచ్చిపోయి ఉంటోంది.
ఇంటి నుంచి వీపీఎన్‌లో వచ్చినవాళ్లు "మొదటి భవనం" అని కనబడుతున్నారు.
ఒక ల్యాప్‌టాప్ రెండో అంతస్తు, మూడో అంతస్తు మధ్య ఊగుతోంది, మనిషి కదలకుండానే.

నిద్రపోనిసర్వర్
మూత తెరిచిన మొదటి కొన్ని సెకన్లు నెట్‌వర్క్ ఉండదు. సెండ్‌టు (యూడీపీ ప్యాకెట్ పంపే పిలుపు) లినక్స్‌లో 101 ఎర్రర్ ఇస్తుంది, విండోస్‌లో 10051. పేరు వాడితే డీఎన్‌ఎస్ (పేరుకి ఐపీ వెతికి ఇచ్చేది) కూడా తప్పుతుంది. రెండూ పైథాన్‌లో ఓఎస్‌ఎర్రర్ కిందే వస్తాయి, పట్టుకుని 5 సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నించండి. సర్వర్ పేరుని ఒకసారి తీసి దాచుకోకుండా ప్రతిసారీ అడగండి. లినక్స్‌లో సిస్టమ్‌డీ (సర్వీసులు నడిపే ప్రోగ్రామ్) సర్వీస్‌గా పెట్టి రీస్టార్ట్ ఆల్వేస్ రాస్తే మిగిలిన చావులకి కూడా పునర్జన్మ ఉంటుంది.

లూప్‌బ్యాక్127
వీపీఎన్ వాళ్లకి గెట్‌సాక్‌నేమ్ సొరంగం చిరునామా ఇస్తుంది, ఎందుకంటే మీ సర్వర్‌కి దారి అటే. వీపీఎన్ పంచే సబ్‌నెట్ ఏదో కనుక్కుని పట్టికలో "వీపీఎన్" అని వేరే వరస రాయండి. బహుశా అది మొదటి భవనం /16 లోపల ఉంది, మేస్త్రి గారు ముందే చెప్పారు చిన్నదాన్ని ముందు చూడమని.

మూడోఅంతస్తు
అవును, 10.1.240.0/20 లోపల ఉంది. నేను 10.1.0.0/16 ముందు చూస్తున్నాను. తిప్పేశాను, సరిపోయింది.

తీగలమేస్త్రి
ఊగేదానికి రెండు కారణాలు ఉండొచ్చు. డాక్‌లో పెట్టి ఉంటే తీగ, వైఫై రెండూ బతికే ఉంటాయి, తీగ సరిగా కూర్చోకపోతే దారి అటూ ఇటూ మారుతుంది. ప్యాకెట్‌లో వైఫైనా తీగనా అన్నది చూడండి, అది మారుతుంటే తీగ మార్చండి. అది మారకుండా బీఎస్‌ఎస్‌ఐడీ మారుతుంటే, పై అంతస్తు యాక్సెస్ పాయింట్ నేల గుండా గట్టిగా వినబడుతోంది. 2.4 అయితే మరీను.

సాకెట్‌సుబ్బు
రెండో దానికి సర్వర్‌లో చిన్న మార్పు చాలు: కొత్త చోటు వరసగా మూడు ప్యాకెట్లలో వస్తేనే పేజీలో మార్చండి. డేటాబేస్‌లో కూడా చోటు మారినప్పుడే కొత్త వరస రాసి, మిగతాప్పుడు చివరిసారి కనబడ్డ టైము ఒక్కటే దిద్దండి. లేకపోతే 140 యంత్రాలకి రోజుకి రెండు లక్షల వరసలు పేరుకుంటాయి.

మూడోఅంతస్తు
బీఎస్‌ఎస్‌ఐడీయే మారుతోంది, 2.4 మీదే. మూడు ప్యాకెట్ల లెక్క పెట్టాను, ఊగడం ఆగింది. కాకపోతే మనిషి నిజంగా అంతస్తు మారితే పేజీకి మూడు నిమిషాలు పడుతోంది.

బైట్లబేరగాడు
మెట్లెక్కి వచ్చాక ఊపిరి తీసుకోడానికి ఆ మాత్రం పడుతుందిలెండి.

నిద్రపోనిసర్వర్
తగ్గించాలంటే క్లయింట్‌లో పెట్టండి. 10 సెకన్లకోసారి ఐపీ, బీఎస్‌ఎస్‌ఐడీ తనలో తాను చూసుకోవాలి. మారితే నిమిషం దాకా ఆగకుండా వెంటనే ఒకటి, 10 సెకన్లకి ఒకటి, 20 సెకన్లకి ఒకటి పంపాలి. మూడూ ఒకే మాట చెప్తే సర్వర్ అర నిమిషం లోపే మారుస్తుంది, ఊగేది మధ్యలోనే మాట మారుస్తుంది కాబట్టి దాటదు.

మూడోఅంతస్తు
ఇది బావుంది. మిగతా 120లో ఈ వెర్షనే పెడతాను. ఇమేజ్‌లోంచి యూయూఐడీ ఫైల్ తీసేశాను, దాంతోపాటే హెచ్‌మ్యాక్ రహస్యం కూడా ఉంది అందులో, అదీ తీసేశాను.

తాళంచెవి
ఆ ఇమేజ్ నుంచి ఇప్పటికే దించినవి ఉంటే వాటి రహస్యాలు కూడా మార్చండి, ఫైల్ తీసేసినంత మాత్రాన పాతవి మారవు.

మూడోఅంతస్తు
ఆరు ఉన్నాయి. మారుస్తున్నాను.